శాటిన్‌ది ఏ ఊరు?

హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్‌కి కాస్త దూరంలో, మెయిన్ రోడ్డు హోరు వినపడని సందులో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. గోడ పొడవునా రంగురంగుల తానులు. దుకాణదారు ఒకటి లాగి బల్ల మీద జార్చాడు. నెమలికంఠం రంగు బట్ట నీళ్లలా కిందికి పారింది.

"సిల్క్ శాటిన్ మేడమ్, ఫుల్ షైనింగ్."

మీటరు ధర చెప్పాక అది పట్టు కాదని ఎవరైనా పట్టేస్తారు. "పాలిస్టరే కదన్నా?" అన్నాను. నవ్వేశాడు. "ఇప్పుడంతా అదే మేడమ్. ఈ రేటుకు పట్టు యాడ వస్తది?"

శాటిన్ అన్నంతవరకు ఆయన మాట అబద్ధం కాదు. శాటిన్ అనేది పోగు పేరు కాదు, నేత పేరు. పట్టుతో నేసినా, పాలిస్టరుతో నేసినా శాటినే. మామూలు నేతలో పడుగు (నిలువు) పోగు ఒక పేక (అడ్డ) పోగు మీదుగా, ఒకదాని కిందుగా పోతుంది. శాటిన్‌లో నాలుగు పేక పోగుల మీదుగానో, ఏడింటి మీదుగానో సాగి అప్పుడు ఒక్కదాని కింద దూరుతుంది. అందుకే పైన అంతా పడుగే కనిపిస్తుంది, వెలుగు పడితే తళుక్కుమంటుంది. గాజు తగిలితే పోగు లేచొచ్చేదీ అందుకే.

పోగులు దూరే చోట్లు వరసగా పడితే బట్ట మీద ఏటవాలు గీత తేలుతుంది, అది జీన్స్ బట్టలో కనిపించే ట్విల్. గీత పడకుండా వాటిని చెల్లాచెదురు చేయాలి. అయిదు పోగుల లెక్కతో కుదురుతుంది, ఎనిమిదితో కుదురుతుంది, ఆరుతో కుదరదు. దూరే చోటును ఒక్కో వరసకు రెండు, మూడు, నాలుగు పోగులు జరిపితే ఆరుతో ఉమ్మడి భాజకం అడ్డొచ్చి కొన్ని పోగులు అసలు ముడిపడవు. ఒకటో, అయిదో జరిపితే మళ్లీ ట్విలే. ఈ చుట్టుపక్కల కోడ్ రాసుకునేవాళ్లకు ఈ లెక్క నచ్చుతుందనుకుంటా.

ఇక పేరు. చైనా ఆగ్నేయ తీరంలో చ్యువాన్‌జౌ అనే రేవు ఉంది. అరబ్బు వర్తకులు దాన్ని జైతూన్ అనేవారు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి పట్టుబట్టను ఊరి పేరుతోనే పిలుస్తారని రాశాడు. ఆ జైతూనీయే పాత ఫ్రెంచిలో సాటిన్ అయి, అక్కడి నుంచి ఇంగ్లీషుకూ, మన లైనింగ్ దుకాణాలకూ చేరిందని ఎక్కువమంది చెప్పే మాట. పట్టుకు లాటిన్‌లో వాడిన 'సేతా' నుంచి పుట్టిందనే వాదమూ ఉంది. నా మొగ్గు రేవు వైపే. బట్టకు ఊరి పేరు పెట్టుకోవడం మనకు కొత్తా? "గద్వాల కట్టుకుంది" అంటాం, "పోచంపల్లి తీసుకున్నా" అంటాం. కాలికో పేరులో కాలికట్ ఉంది. మెరిసే బట్టకు హైదరాబాదు ఉర్దూలో వేరే మాట ఉంది: అత్లస్. ఇప్పుడు గోడకు వేసే రంగులోనూ శాటిన్ ఫినిష్, ఎంబ్రాయిడరీలోనూ శాటిన్ కుట్టు. బట్ట లేని చోట కూడా మెరుపుకు ఆ పేరే.

దుకాణం పక్కనే టైలర్. నెమలికంఠం ముక్క చూసి, "లోపల కాటన్ వేద్దాం మేడమ్, ఇది చెమట పీల్చదు" అన్నాడు మాస్టర్. బయటికి మెరుపు, ఒంటికి నూలు. ఈ ఏర్పాటును మగ్గం మీదే, ఒకే బట్టలో చేసిన నేత ఒకటుంది. పేరు మష్రూ. అరబ్బీలో 'అనుమతి ఉన్నది' అని అర్థం. ముస్లిం మగవాళ్లకు ఒంటికి పట్టు తగలకూడదన్న నియమం ఉండేది. పడుగు పట్టు, పేక నూలు పెట్టి శాటిన్ నేత వేస్తే పట్టంతా పైకి, నూలంతా లోపలికి పోతుంది. నియమం నిలిచింది, దర్జా దక్కింది. ఇంత తెలివైన రాజీ మరో బట్టలో నేను చూడలేదు.

నేను మష్రూను దగ్గర నుంచి చూసింది హఫీజ్‌పేట్ నుంచి కొత్తగూడ, గచ్చిబౌలి దాటి వెళితే వచ్చే రాయదుర్గంలో, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర. హుస్సేన్ సాగర్‌కు ఆ పేరు తెచ్చిన హుస్సేన్ షా వలీయే ఈయన. అక్కడ సురయా హసన్ బోస్ నేత కేంద్రం నడిపారు. ఆమె ఉన్న రోజుల్లో వెళ్లాను. ఐటీ అద్దాల మేడలకు అంత దగ్గర్లో మగ్గాల చప్పుడు. ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లలో చాలామంది భర్త పోయినవాళ్లు. వాళ్ల పిల్లలు చదువుకోవడానికి ఆవరణలోనే సఫ్రానీ మెమోరియల్ స్కూల్. ఆ పేరు ఆమె బాబాయి ఆబిద్ హసన్ సఫ్రానీది. 1943లో సుభాష్ చంద్రబోస్‌తో జలాంతర్గామిలో ప్రయాణించినదీ, 'జై హింద్' నినాదం ఇచ్చినదీ ఈయనే. సురయా పెళ్లాడిన అరవిందబోస్ నేతాజీ అన్న కొడుకు.

హిమ్రూ, మష్రూ, పైఠణీ, జామావార్: దక్కన్‌లో అడుగంటుతున్న ఈ నేతలను ఆమె మళ్లీ మగ్గమెక్కించారు. చారల మష్రూ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని ముందు తిరగేశాను. వెనకవైపు మెరుపు లేదు, వేసవి పంచెలా మెత్తగా ఉంది. తర్వాత పైవైపు బుగ్గకు ఆనించుకుంటే చల్లగా తగిలింది. అక్కడి ఆడవాళ్లు నవ్వారు, అందరూ అలాగే చేస్తారేమో.

సురయా 2021లో, 90 దాటాక, కన్నుమూశారు. మష్రూ నేత ఇవాళ ప్రధానంగా గుజరాత్‌లో, పాటన్, మాండ్వీ ప్రాంతాల్లో మిగిలింది. అక్కడ కూడా పడుగులో పట్టుకు బదులు చాలావరకు రేయాన్ వాడుతున్నారు.