చెప్పేది, చెప్పింది

బ్యాంకుల్లో ఒకప్పుడు ఉత్తరాలుండేవి గానీ, ఉత్తరం రాసే పని పెద్దగా ఉండేది కాదు. పై ఆఫీసువాళ్ళు అచ్చు వేయించి పంపిన ఫారాలు బీరువాలో కట్టలు కట్టి ఉండేవి. వాయిదా కట్టనివాడికి ఒకటి, చెక్కు తిరిగొచ్చినవాడికి ఒకటి, అప్పు మంజూరైనవాడికి ఒకటి. ఖాళీల్లో పేరు, తేదీ, మొత్తం నింపి సంతకం పెడితే సరిపోయేది. ఫారానికి లొంగని సంగతి ఏదైనా వస్తే పాత ఫైలు దించి, ఎప్పుడో ఎవరో పెద్దాయన రాసిన ఉత్తరం చూసి, అదే ధోరణిలో టైపు కొట్టించేవాళ్ళం. ఒక్క మాటలో చెప్పాలంటే మా ఇంగ్లీషులో పేర్లూ అంకెలూ మావి, క్రియలు పై ఆఫీసువి.

ఈ-మెయిల్ వచ్చాక ఈ లెక్క తిరగబడింది. పేరు, తేదీ, మొత్తం కంప్యూటరే నింపుతుంది. ఏం చేశాం, ఏం చేయబోతున్నాం, ఎదుటివాళ్ళు ఏం చెయ్యాలి అన్నది మాత్రం మనమే రాయాలి. అంటే మనకు మిగిలింది క్రియ. ఐదో తరగతి దాకా తెలుగు బడిలోనూ, ఆపైన తమిళంలోనూ చదివి, కాలేజీలో జమాఖర్చులకు సరిపడే ఇంగ్లీషు నేర్చుకుని బయటపడిన నాలాంటి కామర్సు వాళ్ళకు అది చిన్న సంగతి కాదు. నలభై దాటాక నేను ఇంగ్లీషు క్రియలను మళ్ళీ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు నన్ను తిప్పి తిప్పి మా హోసూరు తెలుగు దగ్గరకే తీసుకొచ్చింది. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

బెంగుళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగట్లో నాకు హార్న్‌బీ నిఘంటువు పాత ప్రతి ఒకటి దొరికింది. అందులో ప్రతి క్రియ పక్కనా వీపీ 6ఏ, వీపీ 17 అంటూ గుర్తులుంటాయి. మొదట అవి మా లెడ్జరు ఫోలియో నంబర్లలాగా కనిపించాయి. తర్వాత తెలిసింది, నిజంగానే అవి ఒక రకం ఫోలియోలే. ఈ క్రియ తరువాత ఏం రావచ్చు, ఏం రాకూడదు అన్నదానికి లెక్క. ఇంగ్లీషు క్రియల నడకంతటినీ ఆయన 25 మూసల్లోకి సర్దాడు. 1954లో వాటిమీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు.

హార్న్‌బీ కథ నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఆయన 1924లో జపాను వెళ్ళి ఓయితా అనే ఊళ్ళో వాణిజ్య కళాశాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పాడు. ఆయన నిఘంటువు మొట్టమొదట వెలువడింది లండన్‌లో కాదు, టోక్యోలో, 1942లో. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని అచ్చు వేసింది 1948లో. జపాను భాషలో కూడా మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. క్రియను చివర పెట్టే భాషవాళ్ళు, అందులోనూ కామర్సు చదివేవాళ్ళు, ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో చూసి చేసిన పుస్తకమన్నమాట. నాకోసమే రాసినట్టు అనిపించడంలో వింత లేదు.

మనకు చిక్కు ఎక్కడ వస్తుందో చెబుతాను. తెలుగులో 'కట్టడం మొదలుపెట్టాడు', 'కట్టడం మానేశాడు', 'కట్టడం మరిచిపోయాడు' అంటాం. మూడింటికీ ఒకటే 'డం'. దాన్ని ఇంగ్లీషులో 'ఇంగ్' అనుకుని అన్నిచోట్లా అదే తగిలిస్తాం, లేదా భయపడి అన్నిచోట్లా 'టు' పెడతాం. ఇంగ్లీషు క్రియలు ఒక్కొక్కటీ ఒక్కో పట్టు పడతాయి. మొదలుపెట్టడానికి రెండూ చెల్లుతాయి. మానేయడానికి 'ఇంగ్' మాత్రమే, 'స్టాప్డ్ పేయింగ్'. బాకీదారు వాయిదాలు మానేశాడని రాయబోయి 'స్టాప్డ్ టు పే' అని రాస్తే, పాపం ఆయన దారిన పోతూ పోతూ ఆగి మరీ డబ్బు కట్టిపోయాడని అర్థం వస్తుంది!

అలాగే 'చెయ్యమని' అన్నది. 'పత్రాలు ఇవ్వమని కోరాం', 'ఇవ్వమని సలహా ఇచ్చాం', 'ఇవ్వమని సూచించాం' అన్నీ మనకు ఒకే తీరు. ఇంగ్లీషులో 'రిక్వెస్ట్ యూ టు సబ్మిట్' చెల్లుతుంది, 'అడ్వైజ్ యూ టు సబ్మిట్' చెల్లుతుంది, 'సజెస్ట్ యూ టు సబ్మిట్' మాత్రం చెల్లదు. 'సజెస్ట్ దట్ యూ సబ్మిట్' అనాలి. ఎందుకని అడిగితే జవాబు లేదు. చుట్టాల్లో ఒకాయన పిలిస్తేగానీ రాడు, ఇంకొకాయన పిలవకపోయినా వస్తాడు. అంతే.

అయితే కొన్నిచోట్ల మన తెలుగే సరైన దారి చూపిస్తుంది, మనమే వినం. 'గడువు కోరుతున్నాం' అంటాం. 'గడువు కొరకు కోరుతున్నాం' అనం. అయినా మెయిల్లో మాత్రం 'రిక్వెస్ట్ ఫర్ ఎక్స్‌టెన్షన్' అని క్రియకు కూడా 'ఫర్' తగిలిస్తాం. అది నామవాచకం పక్కన ఉండవలసింది. 'లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్' సంగతీ అంతే. 'టు' తరువాత 'ఇంగ్' ఏమిటని చాలామందికి అనుమానం. 'మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం' అనే వాక్యంలో 'కోసం' ముందు ఏముంటుంది? నామవాచకం. అక్కడి 'టు' మన 'కోసం' చేసే పనే చేస్తోంది. కనుక దాని తరువాత 'ఇంగ్' చేర్చి నామవాచకమైన క్రియ వస్తుంది. ఈ ఒక్క పోలిక చెబితే మా బ్రాంచిలో కుర్రవాళ్ళు మళ్ళీ అడగలేదు.

బ్యాంకులో క్రియ అంటే పూచీ. 'అడ్వైజ్' అనే మాట మా దగ్గర సలహా కాదు, తెలియజేయడం. లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను ఒక బ్యాంకు 'అడ్వైజ్' చేస్తే, ఫలానా పత్రం వచ్చింది, చూడడానికి అసలుదే అని చెప్పినట్టు. డబ్బిస్తానన్నట్టు కాదు. అదే బ్యాంకు 'కన్ఫర్మ్' చేస్తే, ఇస్తానని తానూ మాటిచ్చినట్టే. మన జేబులో ఉన్న నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన ఉన్నది కూడా ఒక క్రియా దాని మూసే, 'ప్రామిస్ టు పే'. ఆ నోటు వెనకవైపు 15 భాషల పట్టీలో తమిళం కిందనే తెలుగు ఉంటుంది, మా హోసూరులో ఇళ్ళు ఉన్నట్టుగా.

మనవాళ్ళకు ఈ క్రియల పొత్తు కొత్తది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కారక పరిచ్ఛేదమని ఒకటి ఉంది. ఏ పనికి ఏ విభక్తి తోడు వస్తుందో చెప్పేది అదే. చదవకపోయినా చెవికి తెలుసు. 'చెప్పు' అనే చిన్న క్రియనే చూడండి. కోస్తాలో 'నాతో చెప్పాడు', 'నాకు చెప్పాడు' అంటారు. మా మొరసునాట్లో 'నా దగ్గర చెప్పినాడు' అంటాం. పక్కింటి తమిళం 'ఎన్‌కిట్ట సొన్నాన్' అంటుంది కదా, ఆ గాలి తగిలింది. కోస్తా చుట్టాలు వచ్చినప్పుడు 'దగ్గర చెప్పడమేమిటి, దూరం నుంచి చెప్పకూడదా?' అని నవ్వుతారు. నవ్వనీండి. ఇంగ్లీషువాడు 'టోల్డ్ మీ' అని ఒకదానికీ, 'సెడ్ టు మీ' అని ఇంకోదానికీ వేరుగా పెట్టుకున్నాడు. వాణ్ణి చూసి మనమెవరమూ నవ్వలేదు.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ కిందట వేసవి గాలివానకు మా ప్రాంతంలో గులాబీ తోటల పాలీహౌసులు కొన్ని చిరిగిపోయాయి. హోసూరు గులాబీ విమానమెక్కి పరదేశాలకు పోతుందని అందరికీ తెలుసు. దాని మీద ఎంత అప్పు ఉంటుందో పెంచేవాడికే తెలుసు. మా ఖాతాదారు ఒక పెద్దాయన గాలి కొట్టిన మర్నాడే బ్రాంచికొచ్చి నష్టం జరిగిందని కాగితం ఇచ్చాడు. ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, బీమా కంపెనీకి పంపాం. కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఫోను చేసి అడిగితే ఆ పెద్దాయన 'నేనెవురికీ చెప్పలేదే' అన్నాడట. గడువులోగా తెలియజేయకపోతే క్లెయిము చెల్లదు. ఈ తేడా ఏమిటో వివరించమని కంపెనీ మాకు మెయిల్ పెట్టింది.

పెద్దాయనను పిలిపించాం. కౌంటరు ముందు నిలబడి, 'నేను చెప్పింది నేనే మరిచిపోతిని సామీ. ఆ గాలికి మతి యాడుండాది?' అన్నాడు. జవాబు రాస్తున్న కుర్రవాడు తిరునెల్వేలి వైపువాడు. తెలివైనవాడు, కౌంటరు మీదనే తెలుగు నేర్చుకున్నాడు. అతని మెయిల్లో 'ఫర్‌గాట్ టు ఇన్‌ఫార్మ్' అని ఉంది. ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. కాకపోతే దాని అర్థం, ఆయన చెప్పనే లేదని.

నేను పక్క సీటులోనే ఉన్నాను. 'తంబీ, ఆయన సొల్ల మఱందదు కాదు, సొన్నదె మఱందదు' అన్నాను. అతనికి వెంటనే వెలిగింది. అతను విన్నది 'చెప్పేది మరిచిపోతిని' అని. పెద్దాయన అన్నది 'చెప్పింది మరిచిపోతిని' అని. మొదటిది జరగని పని, రెండోది జరిగిపోయిన పని. నడుమ ఉన్నది ఒక్క అక్షరం. అతను మెయిల్లో 'ఫర్‌గాట్ దట్ హీ హాడ్ ఇన్‌ఫార్మ్‌డ్ అజ్' అని మార్చి, రిజిస్టరు నకలు జతచేసి పంపాడు. కొన్ని వారాల తర్వాత క్లెయిము వచ్చింది. అది ఉత్తరం మహిమ అని నేననను, రిజిస్టరు ఉంది. కానీ రిజిస్టరు ఒకటి చెప్పి, మా ఉత్తరం ఇంకొకటి చెబితే కంపెనీవాళ్ళు దేన్ని నమ్మాలి?

హార్న్‌బీ పుస్తకంలో నేను కష్టపడి నేర్చుకున్న సూత్రం ఒకటుంది. 'రిమెంబర్', 'ఫర్‌గెట్', 'రిగ్రెట్' లాంటి క్రియల తరువాత 'టు' వస్తే పని ఇంకా ముందుంది, 'ఇంగ్' వస్తే పని వెనక జరిగిపోయింది. 'రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్' అంటే చేదు కబురు ఇప్పుడే చెప్పబోతున్నాం. 'రిగ్రెట్ లెండింగ్' అంటే అప్పు ఇచ్చి చింతిస్తున్నాం. రెండోదాన్ని ఏ బ్యాంకూ రాయదు, లోలోపల అనుకుంటుంది, అంతే. ఆ సూత్రాన్నే మా పెద్దాయన బడి మొహం చూడకుండా ఒక్క అక్షరంతో చెప్పేశాడు. పుస్తకాల తెలుగులో అయితే 'చెప్పడం మరిచిపోయాను', 'చెప్పిన సంగతి మరిచిపోయాను' అని కాస్త చుట్టూ తిరగాలి.

ఇప్పుడు యంత్రమే మెయిల్ రాసి పెడుతోంది కదా, ఇదంతా ఎందుకని మా ఆఫీసులోనే అడిగేవాళ్ళున్నారు. నిజమే, క్రియ మూస అది తప్పదు. కానీ పెద్దాయన కాగితం ఇచ్చాడా లేదా అన్నది దానికి చెప్పవలసింది మనమే. కౌంటరు దగ్గర చెవి పెట్టి వినవలసిందీ మనమే. అప్పు తీసుకునేవాడు ఇంట్లో మాట్లాడే భాష కౌంటరు లోపల ఒక్కరికైనా రావాలి.

మా అమ్మాయి బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తోంది. 'సజెస్ట్' పక్కన ఏముండాలో దానికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతుంది. బడిలో లేదు కాబట్టి చదవడం రాదు. ఈ వ్యాసం నేనే చదివి వినిపించాలి. చెప్పేదానికీ చెప్పిందానికీ ఉన్న తేడా మాత్రం దానికి చెవి ద్వారానే అందింది. తరువాతి తరానికి ఎంత అందుతుందో తెలియదు.

నా దగ్గర ఇంగ్లీషు క్రియల కోసం మొదలుపెట్టిన నోటుపుస్తకం ఒకటుంది. మొదటి వరసలో ఇంగ్లీషు, తరువాత పుస్తకాల తెలుగు, తరువాత తమిళం. చివర నాలుగో వరస గీసి మా ఊరి తెలుగు రాసుకుంటున్నాను. ఇప్పుడు అదే అన్నిటికన్నా నిండుగా ఉంది. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఉన్న మీరు 'చెప్పు', 'అడుగు', 'మరిచిపోవు' అనే మూడు మాటలను ఏ మాటలతో జతచేసి వాడతారో ఒక కార్డు ముక్క మీద రాసి పంపితే, ఐదో వరస గీయడానికి నా పుస్తకంలో ఇంకా చోటుంది.