అద్దెలో ఇంటి వాటా

కొల్లిపరలో పంపకములందు నా వాటాకు వచ్చిన పెంకుటింటిని అద్దెకిచ్చునపుడు నేనొక నియమము పెట్టుకొంటిని: వచ్చెడి అద్దెలో 30 శాతము నాది కాదు, ఇంటిది. ఇది నా ఔదార్యమునుండి పుట్టిన లెక్క కాదు; ఆదాయపు పన్ను చట్టమునుండి గ్రహించినది. స్థానిక పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతమును, యజమాని మరమ్మతులకు రూపాయి వెచ్చించినను వెచ్చింపకున్నను, ఆ చట్టము మినహాయించును; రసీదు అడుగదు. అడుగదు గనుకనే మనలో పలువురు దానిని లాభములో కలుపుకొందురు. నెలకు 4,000 అద్దెలో 1,200 రూపాయలను నేను తపాలా కార్యాలయమున రికరింగు డిపాజిట్టుగా కట్టుచుంటిని. అడ్వాన్సును మాత్రము ముట్టలేదు. అది అద్దెకున్నవారి సొమ్ము, మన యొద్ద దాచినది.

తొలి వ్యయము కరెంటునకే పెట్టితిని. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువలు వదలిన పిదప, వరిచేలకును అరటితోటలకును నడుమ నిలిచిన పాత ఇండ్ల గోడలు నడుమెత్తు వరకు చెమ్మ పీల్చును. అట్టి గోడకు బిగించిన స్విచ్చిబోర్డు, ఎర్తు లేని మోటారు, సర్వీసు వైరును రాసికొనుచు స్నానాలగది రేకులనుండి కొబ్బరిచెట్టునకు లాగి కట్టిన ఇనుపతీగ దండెము, ఈ మూడును ఒక్క పెరటిలోనే చేరినపుడు, తడిచీర ఆరవేయబోయిన ఇల్లాలికి ఏమగునో వానకాలపు పత్రికలు చదువువారికి చెప్పనక్కరలేదు. మా ఎలక్ట్రీషియను గడపలోనే నిలిచి, “ఇంటికి ఎర్తు గొయ్యి ఏదండీ?” అని అడిగెను. ఎర్తు వేయించితిమి; ఈఎల్‌సీబీ పెట్టించితిమి; ఇనుపతీగ తీయించి నైలాను తాడు కట్టించితిమి. ఫ్యూజు కాపాడునది వైరును, మనిషిని కాదు. వెళ్లిన కరెంటునకును తిరిగివచ్చిన కరెంటునకును 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినంతనే రెప్పపాటులో సరఫరా తెంచునది ఈఎల్‌సీబీ. దాని వెల నా యింటి ఒక నెల అద్దె కంటె తక్కువ.

“అద్దె కొంపకు ఇంత ఖర్చేమిటండీ? కరెంటు వాడుకునేది వాళ్లు, చూసుకోవలసిందీ వాళ్లే” అని పొరుగాయన నన్ను మందలించెను. చట్టము ఆయన పక్షమున లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 108వ సెక్షను ప్రకారము, తనకు తెలిసియుండి, అద్దెకు వచ్చువాడు సామాన్య జాగ్రత్తతో కనిపెట్టజాలని లోపమును యజమాని దాచరాదు. తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మట గూడ తగిన గడువులో చేయనిచో, అద్దెదారే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకొనవచ్చును. రాష్ట్రములు స్వీకరించుటకై కేంద్రము 2021లో వెలువరించిన నమూనా అద్దె చట్టము, వేరు ఒడంబడిక లేనిచో, కట్టడపు మరమ్మతులను, ఇంటి లోపలి వెలుపలి వైరింగును యజమానికిని, స్విచ్చీలు, ప్లగ్గుల మరమ్మతులను అద్దెదారునకును పంచినది. ఈ పంపకము న్యాయమైనదే. గోడలోని తీగను అద్దెకున్నవా రెట్లు చూడగలరు?

ఇండ్లు అద్దెకిచ్చువారికి నా మనవి యొకటి. ఈఎల్‌సీబీ మీద పరీక్షకై చిన్న మీట యుండును. అద్దె పుచ్చుకొన వెళ్లిన దినమున దానిని నొక్కి చూడుడు. సరఫరా ఆగనిచో, ఆ నెల అద్దెలోనే క్రొత్తది కొని పెట్టించుడు.