ఒక్కరోజు... రాజమండ్రిలో దిగండి!

రైలు కొవ్వూరు దాటగానే పెట్టెలో సందడి మొదలవుతుంది. పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెడతారు. పెద్దవాళ్లు చిల్లర వెతికి, గోదావరి తల్లికి దణ్ణం పెట్టుకుని నాణేలు విసురుతారు. నాలుగైదు నిమిషాల్లో వంతెన అయిపోతుంది. రైలు స్టేషన్‌లో కాసేపు ఆగి మళ్లీ కదులుతుంది. మన రాష్ట్రాల్లో చాలా కుటుంబాలకు రాజమండ్రితో ఉన్న పరిచయం అంతే! 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారినా, జనం నోట ఇప్పటికీ రాజమండ్రే. ఆదికవి నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన ఈ ఊళ్లో ఓ రోజు ఆగితే ఏం చూడొచ్చు? ఏం తినొచ్చు? పిల్లలకు ఏం చెప్పొచ్చు?

వంతెనల ఊరు

పొద్దున్నే గోదావరి గట్టుకు వెళ్లడంతో రోజు మొదలుపెట్టాలి. పుష్కరఘాట్ నుంచి చూస్తే నది ఓ చిన్న సముద్రంలా ఉంటుంది. అందుకే ఇక్కడ దాన్ని అఖండ గోదావరి అంటారు. నాలుగు మైళ్లు కిందికి వెళ్లి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిపోయే నది, ఊరి ముందు మాత్రం ఒకే ఒడిలా పారుతుంది.

ఆ నీళ్ల మీద ఓ శతాబ్దపు ఇంజినీరింగ్ చరిత్ర వరసగా నిలబడి ఉంటుంది. 1900లో మొదలైన హేవలాక్ వంతెన అన్నిటికన్నా పెద్దది వయసులో. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు దానికి. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు, మొత్తం 56 ఖానాలు. దాదాపు వందేళ్లు మద్రాసు, కలకత్తాల మధ్య రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో వచ్చింది రోడ్డు కమ్ రైలు వంతెన. పైన బస్సులు, కింద రైళ్లు. రెండూ ఒకేసారి వెళ్తుంటే చూడటం పిల్లలకు భలే సరదా. ఇక హేవలాక్ బాధ్యతను అందుకున్నది ఆర్చి వంతెన. ఒక్కోటి వంద మీటర్లకు కాస్త తక్కువ పొడవుండే 28 కాంక్రీటు విల్లులు! క్యాలెండర్ల మీదా, సినిమా పాటల్లోనూ రాజమండ్రి అంటే కనిపించేది ఇదే. 2015లో వాహనాల కోసం నాలుగో వంతెనా వచ్చింది.

మరి పాత వంతెన సంగతేంటి? రైళ్లు ఆగిపోయాక పాతికేళ్లకు పైగా అలా నిలబడే ఉంది. తీసేస్తారేమోనని ఊరివాళ్ల బెంగ. నడకదారిగా మార్చాలని ఎన్నోసార్లు అనుకోవడం, అది మాటల దగ్గరే ఆగిపోవడం. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. హేవలాక్ వంతెనను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దడం అందులో భాగం. తాతలు రైల్లో దాటిన వంతెన మీద మనవలు నడిచే రోజు వస్తే, ఆ ఊరికి అంతకన్నా మంచి కానుక ఏముంటుంది?

ఈ రేవుకు ఓ చేదు జ్ఞాపకమూ ఉంది. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజున పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. మళ్లీ పుష్కరాలు 2027లో. పుణ్యం కోసం అందరూ ఒకే రేవుకు పరుగెత్తక్కర్లేదు. నది ఒకటే, ఏ మెట్టు మీద మునిగినా తగిలేది ఆ నీళ్లే అని పెద్దలు పిల్లలకు చెప్పాల్సిన చోటు ఇది.

పంతులుగారి ఇల్లు

గట్టు నుంచి ఊళ్లోకి వస్తే, ఓ పాత ఇల్లు. కందుకూరి వీరేశలింగం పంతులుగారిది. 1848లో ఈ ఊళ్లోనే పుట్టిన ఆయన, 1881 డిసెంబరు 11న ఇక్కడే తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో ఊహించుకోవాలంటే ఆ ఇంటి గదుల్లో కాసేపు నిలబడాలి. ఊరంతా వెలివేసినా భర్త పక్కన నిలబడిన రాజ్యలక్ష్మమ్మగారి కథ కూడా ఈ గోడల మధ్యదే. వంటకు మనిషి దొరక్కపోతే ఆవిడే చేశారు, నీళ్లకు మనిషి రాకపోతే ఆవిడే మోశారు. పాఠ్యపుస్తకంలో ఓ పేజీగా చదివేసిన మనిషి ఇక్కడ ఓ ఇంటి యజమానిగా, ఓ భర్తగా కనిపిస్తాడు. ఆయన కట్టించిన టౌన్‌హాలు కూడా ఊళ్లోనే ఉంది.

28 నిండకుండానే వెళ్లిపోయిన కుంచె

తర్వాత తప్పకుండా చూడాల్సింది దామెర్ల రామారావు చిత్రశాల. ఊరికి వచ్చినవాళ్లలో చాలామందికి దీని సంగతే తెలియదు! 1897లో పుట్టిన రామారావులోని ప్రతిభను ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తిరిగొచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

అంత చిన్న జీవితంలో ఆయన గీసిన తెలుగు మనుషులు, తెలుగు లోగిళ్లు, గోదావరి దృశ్యాలు ఈ చిత్రశాలలో ఉన్నాయి. నీటిరంగులతో వేసిన పలుచని ఆ బొమ్మల ముందు నిలబడితే, ఇంకో 30 ఏళ్లు బతికి ఉంటే ఏం చేసేవాడో అనిపించకమానదు. ఆయన పోయాక శిష్యుడు, మిత్రుడు అయిన వరదా వెంకటరత్నం ఆ బడి బాధ్యత తీసుకున్నారు. బొమ్మలు వేసే అలవాటున్న పిల్లలుంటే మాత్రం ఇక్కడ గంట సరిపోదు.

పుస్తకాల పురుగులకు గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది. వడ్డాది సుబ్బారాయుడు, నాళం కృష్ణారావు వేర్వేరుగా మొదలుపెట్టిన గ్రంథాలయాలు కలిసి గౌతమి అయ్యాయి. తాళపత్రాలు, ఇంకెక్కడా దొరకని పాత పుస్తకాలు, పత్రికలు ఉన్నాయిక్కడ. ప్రదర్శనశాలలు ఇష్టపడేవాళ్లు గోదావరి గట్టున ఉన్న రాళ్లబండి సుబ్బారావు పురావస్తు మ్యూజియాన్నీ ఓసారి చూడొచ్చు.

కాటన్ దొర కొండ తవ్విన చోటు

మధ్యాహ్నం ధవళేశ్వరం. 1833 కరవు, 1839 తుపాను గోదావరి జిల్లాను పీల్చి పిప్పి చేశాయి. పక్కనే ఏరు నిండా నీళ్లు, చేలో మాత్రం చుక్క లేదు! దీనికి మందు ఆనకట్టేనని సర్ ఆర్థర్ కాటన్ అన్నారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. పునాదికి రాయి తగలని ఇసుక నది మీద అంత పొడవు కట్టడం కడతానంటే ఎవరు నమ్ముతారు? తంజావూరు వైపు కావేరి మీద మనవాళ్లు ఎప్పుడో కట్టిన పాత ఆనకట్టే ఆయనకు ధైర్యం. ఇసుక మీద కూడా రాతికట్టు నిలుస్తుందని ఆయన నేర్చుకున్నది అక్కడే. రాయి కోసం ధవళేశ్వరం కొండను తవ్వారు.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... లంకల మధ్య నాలుగు ముక్కలుగా సాగిన ఆ కట్ట కిందే సుమారు పది లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. పాతబడిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 1980ల తొలినాళ్లకు పూర్తయిన బ్యారేజి. పేరు మాత్రం కాటన్‌దే. అక్కడే ఆయన పేరిట ఓ మ్యూజియం ఉంది. పరాయి దొర విగ్రహానికి రైతులు పూలదండలు వేసే జిల్లా ఇంకెక్కడుంది?

తినకుండా వస్తే ఎలా?

కోటగుమ్మం దగ్గర చల్లటి రోజ్‌మిల్క్ తాగకపోతే రాజమండ్రి వెళ్లినట్టు కాదంటారు ఇక్కడివాళ్లు. ఆత్రేయపురం పూతరేకులు ఇంటికి కట్టించుకోవాల్సిందే. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డ ఒక్కసారి అలా లాగితే, కాగితం కన్నా పలుచటి రేకు వస్తుంది. దానిలో నెయ్యి, బెల్లం లేదా పంచదార. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొరలు పొరలుగా పాకం కారే తాపేశ్వరం కాజాదీ అదే స్థాయి.

మాంసాహారులకైతే వరదల కాలంలో పులస. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చే చేప. మట్టికుండలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాడు తినాలి. 'పుస్తెలమ్మయినా పులస తినాలి' అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇప్పుడు ధర వేలల్లో పలుకుతోంది. దొరికేదే తక్కువ మరి!

పూల తోటలు, పాపికొండలు

ఇంకో పూట ఉంటే పక్కనే కడియం, కడియపులంక. కిలోమీటర్ల కొద్దీ రోడ్డుకు రెండువైపులా నర్సరీలే. దేశంలో ఎక్కడెక్కడి పార్కులకో మొక్కలు వెళ్లేది ఇక్కడి నుంచే. శీతాకాలంలో అయితే పూలు విరబూసి కళ్లు తిప్పుకోనివ్వవు. చిన్న గులాబీ మొక్క ఒకటి కొని పిల్లల చేతికిస్తే అదే ఈ ప్రయాణపు గుర్తు.

రెండో రోజు కేటాయించగలిగితే పాపికొండలు. పాపిట తీసినట్టు కొండల్ని చీల్చుకుంటూ గోదావరి వచ్చే దారి అది. రాజమండ్రి నుంచి రోడ్డు మీద గండిపోచమ్మ దాకా వెళ్లి, అక్కడ పడవ ఎక్కుతారు. పేరంటాలపల్లి దగ్గర కొండ కింద శివాలయం ఉంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాల్లో చీకటి నింపింది. ఆ తర్వాత చాలాకాలం ఆపేసి, 2021లో నిబంధనలతో మళ్లీ అనుమతించారు. ఎండగా ఉందని, ఉక్కగా ఉందని లైఫ్‌జాకెట్ విప్పొద్దు. వరద ఉందని పడవ ఆపేస్తే బతిమాలొద్దు. కొండలు ఎక్కడికీ పోవు.

నిజానికి కొండలు పోవు కానీ, వాటి పాదాల దగ్గరి ఊళ్లు పోతున్నాయి. పోలవరం ప్రాజెక్టుతో దేవీపట్నం వైపు ఎన్నో పల్లెలు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. జలాశయం నిండితే ఈ దారి రూపమే మారిపోతుంది. ఇసుక తిన్నెలు, ఒడ్డున గుడిసెలు ఇంకొన్నేళ్లకు ఫొటోల్లోనే మిగలొచ్చు. వెళ్లాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నవాళ్లు ఇంకా వాయిదా వేసుకోకపోవడమే మేలు.

ఎలా వెళ్లాలి?

విజయవాడ, విశాఖపట్నం మధ్య నడిచే చాలా రైళ్లు రాజమండ్రిలో ఆగుతాయి. ఊరికి దగ్గర్లోని మధురపూడిలో విమానాశ్రయం ఉంది. తిరగడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. నిండు గోదావరిని, పులసను చూడాలంటే మాత్రం జులై, ఆగస్టు. అయితే అప్పుడు పాపికొండల పడవలు ఉంటాయో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి. మ్యూజియాలకు సెలవు రోజులుంటాయి కాబట్టి వాటి సంగతీ ముందే వాకబు చేసుకుంటే మంచిది.