ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషనులో అమ్మతో

ఎండాకాలం వచ్చిందంటే మన సంఘంలో ఊరినుంచి తల్లిదండ్రులను రప్పించుకోని ఇల్లు అరుదు. అంచేత ముందుగా ఒక హెచ్చరిక. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రైలు స్టేషన్లు రెండు. ఒకటో టెర్మినల్ అడుగున ఉన్నది 1972 నాటిది. లోకల్ రైళ్ళు అక్కడ ఆగుతాయి. ప్లాట్‌ఫారాలు ఒకటి నుంచి మూడు. దూరపు రైళ్ళ స్టేషను వేరే ఉంది. దాన్ని 1999 మే నెలలో తెరిచారు. అక్కడ నాలుగు నుంచి ఏడు. టెర్మినల్ నుంచి పైకప్పున్న వంతెన మీదుగా నడిచి అక్కడికి చేరాలి. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న మేము, అమ్మ దిగిన రోజున పెట్టెలు లాక్కుంటూ కింది స్టేషనుకే పోయి, మా రైలు పేరు బోర్డు మీద ఎందుకు లేదా అని పావుగంట నిలబడ్డాం. "ఎవరినన్న అడగరాదు?" అన్నది అమ్మ. అడిగాం. అప్పటికి రైలు పోయింది.

అమ్మ అంటే మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తమ్మ. కాజీపేటలో గార్డుగా పనిచేసి పోయిన మనిషి భార్య. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం 2024లో మొదలయింది గనుక ఒంటరిగా రావడానికి ధైర్యం చేసింది. విమానం ఆమెకు పెద్ద వింత కాలేదు. రైలే వింత. ప్లాట్‌ఫారం మీదికి రాగానే, "ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకున్నరా?" అని అడిగింది. ఇక్కడ గేటూ లేదు, ఆ టికెట్టూ లేదు అంటే నమ్మలేదు. నల్లకోటు మనిషి వస్తాడేమోనని అటూ ఇటూ చూస్తూనే ఉంది.

ఆ స్టేషను పొడవు 660 మీటర్లు. దాని నెత్తిమీద స్తంభాలపై అంతే పొడవున ఒక భవనం నిలబెట్టి, 2011 నాటికి హోటళ్ళూ ఆఫీసులూ పెట్టారు. అమ్మ తల పైకెత్తి చూసి, "కింద బండ్లు పోతుంటే పైన పండుకుంటరా?" అన్నది. ఆమెకు నచ్చింది మాత్రం పట్టాల సంగతి. కొలోన్‌కు 2002లో వేసిన కొత్త లైను కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు నలభై మీటర్లు ఎక్కుతుంది. అంటే ఇరవై అయిదుకు ఒకటి. ఆ చడావు అన్ని రైళ్ళ వల్లా కాదు. మోటార్లు రైలు పొడుగునా పెట్టెల అడుగున పంచి పెట్టిన రకమే ఎక్కుతుంది. "గూడ్సు ఎక్కదన్నట్టు" అన్నది అమ్మ వెంటనే. మాకు తట్టని మాట. నిజమే, ఆ లైనులో గూడ్సు నడవదు. పెట్టెలో తెర మీద 300 అంకె పడగానే, పక్కనున్న మూడో నంబరు మోటారు రోడ్డు మీద కార్లు వెనక్కి పోతుంటే, "మీ నాయన చూడాలె" అని ఒక్కమాట అని కిటికీ వైపు తిరిగింది.

ఇక అసలు సంగతి. మేమిద్దరం కిందటి చలికాలంలో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాం. 2024 జూన్ నుంచి జర్మనీ పాతది వదలమని అడగడం లేదు గాని, రెండు పౌరసత్వాలు మన దేశపు చట్టం ఒప్పుకోదు. పాత పాస్‌పోర్టులు ఇచ్చేశాం. అమ్మకు చెప్పలేదు. వచ్చినప్పుడు చెబుదామనుకున్నాం. తీరా వచ్చాక ఆవకాయ జాడీలు సర్దడం, రైను నది చూపించడం, బంధువుల ఫోన్లు. ఆమె వీసా తొంభై రోజులది. ఎనభై తొమ్మిదో రోజున తిరుగు ప్రయాణం. రైల్లో చెబుదామనుకున్నాం. పాత రైను లైను మీద రెండు గంటల పైచిలుకు పట్టే దారి, ఇప్పుడు సుమారు గంటలో అయిపోతుంది. గంట చాలలేదు అనడం సాకు. సొరంగం వచ్చినప్పుడల్లా బయటికి వచ్చాక చెబుదామని ఊరుకున్నాం.

వంతెన మీద అమ్మే ఆగింది. తన పాస్‌పోర్టు సంచీలో తడుముకుని, "మీవి తెచ్చుకున్నరా?" అన్నది. మేం విమానం ఎక్కడం లేదుగా అన్నాం. "అయినా దగ్గర ఉండాలె గద." అప్పుడు చెప్పాం. పెట్టెల బండి పక్కకు తీసి, జనం మమ్మల్ని దాటి పోతుంటే అక్కడే నిలబడి చెప్పాం.

అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనింటికి రావాల్నంటే మీకు వీసా కావాల్నా బిడ్డా?" అని అడిగింది.

"వీసా కాదమ్మా, ఒక కార్డు ఇస్తారు. దరఖాస్తు పెట్టాం."

"అది ఎన్నాళ్ళు నడుస్తది?"

"జీవితాంతం."

"మీకు జీవితమంత. నాకు తొంభై దినాలు" అన్నది. కోపంగా కాదు, కూరగాయల లెక్క చూసుకున్నట్టు అన్నది. బండి తనే తోసుకుంటూ ముందు నడిచింది. చెకింగ్ దగ్గర ఇద్దరి తలలూ నిమిరింది. లోపలికి పోయాక వెనక్కి తిరిగి చూసిందో లేదో, మధ్యలో ఒక పెద్ద కుటుంబం అడ్డం వచ్చి మాకు కనబడలేదు.

తిరుగు రైల్లో మేం తెర వైపు చూడలేదు.

మర్నాడు కాజీపేట నుంచి ఫోను. బాగా చేరింది. మూడు వందల వేగంతో పోయిన రైలు సంగతి, గూడ్సు ఎక్కలేని చడావు సంగతి వాడకట్టంతా చెప్పిందట. పాస్‌పోర్టుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట.