చిన్నాయన డబ్బు ఎక్కడికి పోయింది?

పోయిన దసరా సెలవుల్లో మా చిన్నాయన డబ్బు పోయింది. కారణం నేనే. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చిన్నాయన హోసూరు దగ్గర ఒక గులాబీ తోటలో పని చేస్తాడు. ఎవరో చెబితే, దాచుకున్న డబ్బుతో యూఎస్‌డీటీ అనే క్రిప్టో కొన్నాడు. ఒకటి దాదాపు ఒక డాలరు. మొత్తం 640 కొన్నాడు. ఫోనులో వాలెట్ యాప్ పెట్టి ఇచ్చింది నేను. ఒకరోజు అది తెరుచుకోలేదు. వెతికితే సహాయం చేస్తామంటూ ఒక పేజీ వచ్చి, వాలెట్ తాళంలాంటి 12 రహస్య పదాలు అడిగింది. నేను కొట్టేశాను. పది నిమిషాల్లో వాలెట్ ఖాళీ.

చెప్పినప్పుడు చిన్నాయన తిట్టలేదు. "పోతే పోనీలేరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి ట్రాన్‌స్కాన్ అనే సైటులో చిన్నాయన వాలెట్ అడ్రసు కొట్టి చూశాను. డబ్బు ఏ నిమిషంలో, ఎంత, ఏ అడ్రసుకు పోయిందో అంతా కనిపిస్తోంది! మన బ్యాంకు పాసుబుక్కు మనమే చూస్తాం. ఈ లెక్కల పుస్తకం లోకంలో ఎవరైనా చదవొచ్చు. కానీ పేర్లుండవు. ‘టి’తో మొదలయ్యే 34 అక్షరాల అడ్రసులే ఉంటాయి. నోటుబుక్కులో గీతలు గీసుకుంటూ పోయాను. 640 రెండు ముక్కలైంది, ఒక్కోటి ఇంకో అడ్రసు దాటింది, మళ్లీ ఒకేచోట కలిసింది. అక్కడినుంచి ఒక పెద్ద ఎక్స్‌చేంజి పేరున్న అడ్రసులో పడింది. ఆ తర్వాత ఏమీ తెలియదు. అక్కడ అందరి డబ్బూ కలిసిపోతుంది, ఏట్లో చెంబెడు నీళ్లు పోసినట్టు.

దానికి ముందున్న అడ్రసే ముఖ్యమని తర్వాత తెలిసింది. డబ్బు వేసుకోవడానికి ఎక్స్‌చేంజి ఒక్కో ఖాతాదారుకు ఒక్కో అడ్రసు ఇస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కార్డు, ముఖం ఫోటో తీసుకుంటుంది. మన దేశంలో 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ చట్టం ఎక్స్‌చేంజిలకూ వర్తిస్తోంది. దొంగ ఎన్ని సందులు తిరిగినా ఇలాంటి గుమ్మం దగ్గర పేరు చెప్పాల్సి వస్తుంది.

2016లో బిట్‌ఫినెక్స్ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు పోయాయి. ఆ సొమ్మును దాచి మారుస్తున్న భార్యాభర్తలు 2022లో న్యూయార్క్‌లో దొరికారు. దాంతో కొన్న ఒక గిఫ్టు కార్డును భార్య సొంత పేరుతో వాడటం పోలీసులకు ఒక ఆధారమైంది. అంత పెద్ద దొంగతనం, గిఫ్టు కార్డు! చదివి నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.

1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ స్టేషనుకు వెళ్లాం. ఫిర్యాదు తమిళంలో నేనే రాశాను. తమిళం సారు తప్పులు దిద్దారు. పోలీసాయన నా నోటుబుక్కు గీతలు శ్రద్ధగా చూసి, "రెండు రోజులు ముందు వచ్చుంటే ఆ ఖాతాను ఆపమని అడిగేవాళ్లం" అన్నాడు. నేను చిన్నాయన ముఖం చూడలేకపోయాను.

నాలుగు నెలలకు ఎక్స్‌చేంజి నుంచి ఒక పేరు వచ్చింది. డబ్బు మాత్రం ఖాతాలో లేదు. ఆ పేరుగల మనిషి వేరే రాష్ట్రంలో కూలి పని చేస్తాడట. ఎవరో కొంచెం డబ్బిచ్చి అతని కార్డు, ఫోటో తీసుకున్నారట. ఇప్పుడు పోలీసులు ఆ ‘ఎవరో’ కోసం వెతుకుతున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపం, వాడికీ నాలాగే ఎవరో చెప్పుంటారు" అన్నాడు.