అదే ఇంజను, 90 రోజులు

పని ముందుకు సాగనప్పుడు మనం మొదట అనే మాట "బలం చాలడం లేదు" అని. ఇంకొంచెం డబ్బుంటే, ఇంకో నలుగురుంటే అని లెక్కలు వేస్తాము. ప్రియులారా, ఈ వారం మేము చదివిన ఒక కారు కథ ఆ లెక్కనే ప్రశ్నించింది. మాకున్నది మోటారు సైకిలే. అయినా ఆ కథ మా ఇంట్లో మూడు రోజులు నడిచింది.

1963లో అమెరికాలో క్యారల్ షెల్బీ దగ్గర కోబ్రా అనే పందెపు కారు ఉండేది. బ్రిటన్‌లో చేసిన తేలికపాటి చట్రం, అందులో ఫోర్డ్ వారి 4.7 లీటర్ల వి8 ఇంజను. మలుపుల్లో అది చురుకైనది. కాని ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని దారి ఉండేది. అక్కడ కోబ్రాను ఫెరారీ దాటిపోయేది. లోపం ఇంజనులో లేదు, ఎదురుగాలి పట్టి ఆపుతోంది.

అప్పుడు పీటర్ బ్రాక్ అనే యువకుడు, ముప్పై ఏళ్లు కూడా నిండనివాడు, ఇంజనును అలాగే ఉంచి ఒంటిని మారుద్దామన్నాడు. గాలి జారిపోయేలా పైకప్పు, వెనుక నిలువుగా కోసినట్టున్న తోక గీసి చూపించాడు. షెడ్డులో చాలామంది నమ్మలేదు. విమానాలు తెలిసిన ఒక నిపుణుడూ ఇది కుదరదన్నాడు. డ్రైవరు కెన్ మైల్స్ మాత్రం నమ్మాడు. షెల్బీ సరేనన్నాడు.

సుమారు 90 రోజుల్లో బండి తయారైంది. ముందుగా మైల్స్‌ను సీటులో కూర్చోబెట్టి, అతనికి తగినట్టు స్టీరింగు, అద్దం అమర్చారు. చెక్కతో అచ్చు కట్టి, దాని ప్రకారం అల్యూమినియం రేకులు కొట్టారు. గమనించండి, పైకప్పు కింద గొట్టాలను త్రికోణాలుగా అతికించడంతో మెలికలు తిరిగే పాత చట్రం గట్టిపడింది. తొందర ఉన్నా ఎముకలను వదిలిపెట్టలేదు.

1964 ఫిబ్రవరిలో రివర్‌సైడ్ ట్రాకుపై మైల్స్ నడిపి చూశాడు. ఒక్కో చుట్టుకు మూడు సెకన్లకు పైగా తగ్గింది. నవ్వినవారే వచ్చి చెయ్యి కలిపారు. అదే నెలలో డేటోనా పందెంలో ముందంజలో ఉండగా, ఇంధనం నింపేటప్పుడు మంటలు లేచాయి. బండి ఆగిపోయింది. దాన్ని బాగుచేసి మార్చిలో సెబ్రింగ్ తీసుకెళ్తే తన తరగతిలో గెలిచింది. జూన్‌లో ల మాన్‌లో ఇదే రకం మరో బండి మొత్తం మీద నాలుగోది, జీటీ తరగతిలో మొదటిది. 1965లో జీటీ కార్ల తయారీదారుల ప్రపంచ టైటిలు షెల్బీ జట్టుకు వచ్చింది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన మందిరం కప్పు మీకు తెలుసు. వాన పడితే వెనుక వరుసల్లో కూర్చునే అమ్మలు బకెట్లు పెట్టుకుంటారు. వెల్డింగు పని చేసే మన తమ్ముడొకడు పాత ఇనుప దూలాలనే ఉంచి, వాలు మార్చి, మధ్యలో త్రికోణాలుగా కమ్మీలు అతికిస్తే వానలకు ముందే ముగించవచ్చని కాగితం మీద గీసి తెచ్చాడు. కొందరు పెద్దలు నవ్వారు. ఇంకా చందా పోగు కానీ, కొత్త దూలాలే వేద్దాం అన్నారు. వారి భయం తీసిపారేసేది కాదు, ఆ కప్పు కింద పిల్లలు కూర్చుంటారు.

అందుకే మేము పెద్దల ముందు ఒకే మాట పెట్టాము. తమ్ముడి గీతను ముందు ఇంజనీరుకు చూపిద్దాం. ఆయన సరేనంటే ఒక్క దూలం మాత్రం అతని పద్ధతిలో చేయించి, దానికి ఇసుక బస్తాలు వేలాడదీసి బరువు చూద్దాం. ఆగకపోతే అక్కడే విరమిద్దాం. ఆగితే మిగతావి అతని చేతికిద్దాం.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత దీని గురించి మాట్లాడుకుంటాము. అభ్యంతరం ఉన్నవారు తప్పక ఉండండి. తమ్ముడిని కూడా రమ్మన్నాము.