ఏడంగుళాల భయం

బొమ్మ కొనేటప్పుడు ముద్దొస్తోందా లేదా అని చూడడం లోకరీతి. హారర్ సినిమా బొమ్మల దగ్గర ఆ కొలత పనికిరాదు. కాలిన ముఖం, కుళ్లిన పళ్లు, మట్టికొట్టుకుపోయిన చొక్కా, వీటన్నిటినీ ఎంత శ్రద్ధగా చేశారో చూసి మెచ్చుకోవాలి. నేనలా మెచ్చుకుంటుంటే మా ఆవిడ వినలేక పక్కగదిలోకి వెళ్లిపోతుంది. చాలా పెట్టెల మీద 17 ఏళ్లు పైబడినవారికి అని అచ్చేసి ఉంటుంది కూడా. బొమ్మే గానీ పిల్లలకు ఇవ్వకూడదు. ఈ తిరకాసు నచ్చనివాళ్లకు ఈ పిచ్చి పట్టదు.

ఇందులో నాణ్యత అంటే వివరం అనుకునేవాళ్లు ఎక్కువ. ముడతలెన్ని, గాయాలెన్ని, నెత్తురెంత అని లెక్క చూస్తారు. నేను ఒప్పుకోను. ఈ బొమ్మల్లో అన్నిటికన్నా కష్టమైనది మైకేల్ మయర్స్ బొమ్మ. అతని ముఖం మీద ఏమీ ఉండదు మరి.

1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ తీసినప్పుడు మొత్తం బడ్జెట్టు మూడు లక్షల డాలర్ల పైచిలుకు. అందులో హంతకుడైన మైకేల్‌కు ప్రత్యేకంగా ముసుగు చేయించే స్తోమత లేదు. ప్రొడక్షన్ డిజైనర్ టామీ లీ వాలెస్ రెండు డాలర్ల లోపు ఖరీదు చేసే రబ్బరు ముసుగు ఒకటి కొనుక్కొచ్చాడు. అది ‘స్టార్ ట్రెక్’లో కెప్టెన్ కర్క్ ముఖం. దాని కనుబొమలు, చెంపల మీది జుట్టు తీసేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టాడు. అంతరిక్ష నౌక నడిపే కథానాయకుడు ఆ తెలుపు కింద చచ్చిపోయాడు. మిగిలింది ముఖమని అనడానికే గానీ, చూసేవాడికి పట్టు దొరకని ఒక ఖాళీ.

ఆ ఖాళీని ప్లాస్టిక్కులో అచ్చుపోయడం శిల్పికి పరీక్ష. చేయి తిరిగినవాడికి ఏమీ చేయకుండా ఊరుకోవడం చేతకాదు. కనుబొమల చోట కాస్త బిగింపు, పెదవి చివర కాస్త వంపు పడ్డాయంటే ముసుగు కోపంతో ఉన్న మనిషైపోతుంది. కోపం వచ్చినవాడి కాళ్లయినా పట్టుకోవచ్చు, మైకేల్ దగ్గర ఆ దారి కూడా లేదు. శిల్పి నిగ్రహించుకున్నా రంగు దగ్గర చెడుతుంది. పల్చటి నల్ల రంగు పూసి తుడిస్తే అది సందుల్లో నిలిచి చెక్కడం తేలి కనబడుతుంది. బట్టలకూ బూట్లకూ అది ఎంతో అందం. అదే రంగు ఈ తెల్ల ముఖం మీద ఒక పూత ఎక్కువైతే మైకేల్‌కు ముసలితనం వచ్చేస్తుంది, దాంతోపాటు చిరాకు కూడా.

కళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి. సినిమాలో ఛాయాగ్రాహకుడు డీన్ కండీ ఆ ముసుగును చాలావరకు నీడలోనే ఉంచాడు. కళ్లుండాల్సిన చోట రెండు చీకటి గుంటలే కనబడతాయి. మంచి బొమ్మలో ఆ గుంటలు నిజంగానే లోతుగా ఉంటాయి. ట్యూబులైటు కింద పట్టుకుని గడ్డం కాస్త కిందికి వంచితే నీడ దానంతటదే వచ్చి పడుతుంది. నాసిరకం బొమ్మలో లోతు ఉండదు, రెండు నల్ల చుక్కలుంటాయి. ఇంకా నాసిరకంలో తెల్లగుడ్డూ నల్లగుడ్డూ దిద్ది ఉంటాయి, హంతకుడు బస్సు కోసం చూస్తున్నట్టు ఉంటాడు.

మెడ కీలు మాటేమిటి? పెట్టె వెనక ‘పాతిక కీళ్లు, ముప్పై కీళ్లు’ అని గొప్పలు రాసుకుంటారు. మైకేల్‌లో నాకు కావలసింది ఒక్క కీలు. సినిమాలో ఒక కుర్రవాణ్ణి కత్తితో గోడకు దిగ్గొట్టాక అతను తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వాల్చి, గోడకు తగిలించిన పటం వంకరగా ఉందేమో చూసుకుంటున్నట్టు చూస్తాడు. సినిమాలో అంత ఒళ్లు జలదరించే క్షణం మరొకటి లేదు. బొమ్మ తల అలా పక్కకు వాలాలి. ముసుగు అంచు మెడ మీదికి దిగి ఉంటుంది కాబట్టి చాలా బొమ్మల్లో అది కాలరుకు తగిలి ఆగిపోతుంది. మోకాళ్లు రెండు మడతలు పడతాయి, చీలమండలు అన్నివైపులా తిరుగుతాయి, తల మాత్రం వాలదు. పరుగెత్తనివాడికి మోకాళ్లెందుకు?

1981 నాటి రెండో సినిమాలోనూ వాడింది ఆ ముసుగే. కానీ మూడేళ్లు పాతబడింది, పైగా తొడుక్కున్నది డిక్ వార్లాక్ అనే వేరే నటుడు. అతని తల ఆకారం వేరు కావడంతో ముఖం వెడల్పుగా సాగినట్టు కనబడుతుంది. సేకర్తలకు మొదటి సినిమా మైకేల్, రెండో సినిమా మైకేల్ వేరువేరు మనుషులు. పెట్టె మీద 1978 అని వేసి లోపల వెడల్పు ముఖం పెడితే ఆ బొమ్మ ఎంత బాగా చేసినా తప్పే. మరో హారర్ హంతకుడు ఫ్రెడ్డీ క్రూగర్‌ది చొక్కా పేచీ. 1984 నాటి అతని మొదటి సినిమాలో స్వెట్టరుకు ఎరుపు, ఆకుపచ్చ చారలు ఒంటి మీదనే ఉంటాయి, చేతులు ఉత్త ఎరుపు. చేతుల మీదికి చారలు రెండో సినిమా నుంచి వచ్చాయి. ఇంకో హంతకుడు జాసన్‌కు హాకీ ముసుగు వచ్చింది అతని సినిమాల మూడో భాగంలో, 1982లో. మొదటి భాగంలో హంతకురాలు వాళ్లమ్మ, రెండోదాంట్లో జాసన్ తలకు గుడ్డసంచి. ముసుగు నుదుటి మీద గొడ్డలి గాటు పడేది మూడో భాగం చివర. అయిదో భాగంలో ముసుగు మీది గుర్తులు ఎరుపు కాదు, నీలం, ఎందుకంటే అక్కడ ముసుగు వెనక ఉన్నది అసలు జాసనే కాదు. ఇంత చాదస్తం అవసరమా అంటే, సీతారాముల పటంలో ఎవరు ఎటువైపు ఉండాలో మనవాళ్లు ఎంత పట్టుబడతారో గుర్తుచేసుకోండి.

నలుపు తెలుపు సినిమాల దగ్గర ఈ చాదస్తానికి కాళ్లూ చేతులూ ఆడవు. 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ భూతం ఏ రంగు? మేకప్ వేసిన జాక్ పియర్స్ ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వాడింది తెర మీద శవం పాలిపోయినట్టు కనబడాలని. జనం చూసింది ఆ పాలిపోవడాన్నే, ఆకుపచ్చను కాదు. బొమ్మలవాళ్లు మాత్రం పచ్చ పట్టుకుని వదల్లేదు. న్యూజెర్సీ సంస్థ నెకా ఈ భూతాన్ని రంగుల్లోనూ నలుపు తెలుపుల్లోనూ విడిగా చేసింది. నా ఓటు నలుపు తెలుపుకే, రంగురంగుల బొమ్మల పక్కన అది ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా సరే. రంగు ఏదైనా చెంపలు చూడండి. బోరిస్ కార్లాఫ్ కట్టుడు పళ్లు తీసేసి ఒక పక్క చెంప లోపలికి పోయేలా చేసుకున్నాడు. రెండు చెంపలూ సమానంగా ఉన్నాయంటే శిల్పి పోస్టరు చూశాడు గానీ సినిమా చూడలేదని లెక్క.

ఇక చేత్తో పట్టుకుని చూడాల్సినవి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట అతుకు గీత పడుతుంది. భుజం వెనక ఉంటే క్షమించొచ్చు, చెవి మీదుగా పోతే క్షమించకూడదు. కొత్త బొమ్మలో కీలు బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకూడదు. రంగు అంటుకుని పట్టేసి ఉంటుంది, తిప్పితే లోపలి మేకు విరుగుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కాసేపు వెచ్చబెడితే వదులుతుంది. ఫ్రెడ్డీ వేళ్ల కత్తులు మెత్తటి ప్లాస్టిక్కువి, పెట్టెలో నొక్కుకుపోయి తోటకూర కాడల్లా వంగి వస్తాయి. వేడినీళ్లలో ముంచి, వేలితో నిటారు చేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే ఉండిపోతాయి. నకిలీని పసిగట్టాలంటే పక్కన అసలుది ఉండాలి. అసలు బొమ్మ మీద అచ్చు తీసి పోసినది చల్లారి కుంచించుకుంటుంది కాబట్టి నకిలీ ఓ పిసరు పొట్టిగా ఉంటుంది, చెక్కడం అరిగిన నాణెంలా మొద్దుబారి ఉంటుంది. అసలుదానికి పాదం కిందో వీపు మీదో హక్కుదారు పేరూ సంవత్సరమూ ఉంటాయి. నకిలీలో అవి అలుక్కుపోతాయి, లేదా ఉండనే ఉండవు.

బొమ్మ మెత్తగా ఉండడానికి ప్లాస్టిక్కులో కలిపే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ పైకి తేరుతుంది. వేడి తోడైతే మరీ త్వరగా. అమెరికా బీరువాలో నిక్షేపంగా ఉండే బొమ్మ బెజవాడ ఎండాకాలంలో ముట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి కడగడమే దీనికి మందు. పెట్టె తెరవకుండా దాచుకునేవాళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ, ఆ రసాయనపు ఆవిరి లోపలే తిరుగుతుంది గదా. పెట్టె విప్పని బొమ్మకు మార్కెట్లో విలువ ఎక్కువే. తల వాలుతుందో లేదో తెలియని మైకేల్‌ను కొని ఏం చేసుకుంటానన్నది నా వాదన.

అయినా ఖాళీ పెట్టెను పారేయమనడం లేదు. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020లో ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్బైకి పెరిగింది. దాంతో నాలాంటివాళ్లకు డాలస్ నుంచి వచ్చే చుట్టాలే దిక్కు. మా బావమరిది పోయినసారి ఎంతో ప్రేమగా తెచ్చిపెట్టాడు. “పెట్టె అక్కడే పారేశాను బావా, బొమ్మను సాక్సుల్లో చుట్టా. సూట్‌కేసులో బోలెడంత చోటు కలిసొచ్చింది!” అన్నాడు. కాఫీ ఇచ్చి పంపాను.

మన దయ్యాలకు ఇలాంటి బొమ్మలు ఎందుకు రాలేదన్నది వేరే సంగతి. కార్పెంటర్ మైకేల్‌కు ముసుగు వెతుక్కున్న ఆ 1978లోనే ఇక్కడ విఠలాచార్య ‘జగన్మోహిని’ విడుదలైంది. అందులో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. దాన్ని ఎవరైనా బొమ్మగా చేస్తే నేను చూసేది ముందు మోకాళ్లు, పొయ్యి ముందు కూర్చుని కాళ్లు చాపేలా మడతపడాలి. మంటకు వెలుతురు దాటే ప్లాస్టిక్కు వాడాలి, నారింజ రంగు పూసి సరిపెట్టకూడదు. పిక్కల దగ్గర మసి పల్చగా మొదలై పాదాల దగ్గరికి చిక్కబడాలి. ముఖం మీద మాత్రం శిల్పి ఏ భయంకరత్వమూ చెక్కకూడదు, ఎసరు మరిగిందా లేదా అన్న ధ్యాస ఒక్కటి ఉంటే చాలు.